తొమ్మిదిళ్ల ఊరి విత్తనం చేయి

చదివేవాళ్లకు ముందుగా దండం పెట్టుకుంటున్నాను. నేను ఐదో తరగతి దాటలేదు. ఎప్పుడో ఒకటి రెండు ఉత్తరాలు రాశాను తప్ప ఇంకేమీ రాసినదాన్ని కాదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. మనవరాలు దిద్దుతానంది గానీ వద్దన్నాను. అది దిద్దితే అది రాసినట్టు ఉంటుంది. కాబట్టి తప్పులన్నీ నావే. నవ్వొస్తే నవ్వుకోండి, మధ్యలో మాత్రం పక్కన పెట్టేయకండి.

రాయాలని ఎందుకు అనిపించిందంటే, పోయిన నెల కర్నూలులో బస్సెక్కి నేను పుట్టిన ఊరి పేరు చెప్పి టిక్కెట్టు అడిగాను. కండక్టరు చిన్నవాడు. చేతిలో మిషన్ని రెండు మూడు సార్లు నొక్కి చూశాడు.

"ఆ పేరుతో ఊరే ల్యాదవ్వా. దాని ముందర స్టాపుకు కొట్టిస్తా."

"ల్యాకపోవడమేందప్పా, నేను పుట్టింది ఆడనే."

"నువ్వు పుట్టినప్పుడు ఉండెనేమో లే."

బస్సులో నలుగురు నవ్వారు. వాడు చెడ్డవాడేం కాదు, నా సంచీ కూడా పైకి అందించాడు. కానీ ఊరే లేదన్న మాట నాకు ఇంటికొచ్చినా అరగలేదు. ఆ ఊరు ఎట్లాంటిదో నాకు చేతనైనట్టు రాస్తాను.

మాది ఊరని పేరే గానీ తొమ్మిది ఇళ్లు. ఒక పెద్ద కరువులో మా పూర్వీకులు అన్నదమ్ములిద్దరు పెద్దూరి నుంచి పశువులను తోలుకొని గుట్టల్లోకి వచ్చారట. రెండు బండల సందులో నీళ్లు ఊరుతూ కనిపించాయట. వాన పడేదాకా పశువులను బతికించుకుందామని కొట్టాలు వేసుకున్నారు. వాన పడ్డాక తిరిగి పోదామంటే ఆవులు కదల్లేదట. మా అవ్వ చెప్పేది, "మనమేం ఊరు కట్టల్యా పాపా. ఆవులు కట్టినాయి. మనం వాటెనక ఉండిపోతిమి" అని.

ఇళ్లన్నీ ముడి రాళ్ల గోడలు, మట్టి మిద్దెలు. ఒక ఇంట్లో తిరగమోత పెడితే తొమ్మిదిళ్లకూ వాసన తెలిసేది. ఎవరింట్లో బుడ్డలు, అవే వేరుశనగలు, వేయించినా పిల్లలమందరం ఆ ఇంటి ముందర ఏదో ఒక ఆట మొదలుపెట్టేవాళ్లం. సద్దరొట్టె మీద ఊరిబిండి పచ్చడి రాసి మడిచి చేతిలో పెట్టేవాళ్లు. కారానికి ముక్కు కారుతున్నా వదిలేవాళ్లం కాదు. పొద్దున పిడకల పొగ, మధ్యాహ్నం ఎండకు కాలిన రాళ్ల వాసన, సాయంకాలం పశువులు తిరిగొచ్చేటప్పుడు లేచే దుమ్ము. ఆ దుమ్ముకు కూడా ఒక తీపి వాసన ఉండేది. ఎట్లా చెప్పాలో తెలియడం లేదు.

బడి పెద్దూర్లో ఉండేది. రెండు మైళ్లు నడిచి పోయేవాళ్లం. అక్కడి పిల్లలు మమ్మల్ని 'తొమ్మిది పొయ్యిలోళ్లు' అని పిలిచేవాళ్లు. "మీ ఊర్లో దొంగ పడితే పట్టుకునేదానికి మనుషులుండారా?" అని ఒకడు ఎగతాళి చేస్తే, "దొంగ వస్తే వాన్నీ కలుపుకొని మేము పదిండ్లోళ్లమైతాము, నీకేంటికి?" అని నేను అన్నాను. ఆ మాట అవ్వకు చెబితే పైట నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

ఇప్పుడు విత్తనం సంగతి చెప్పాలి. ఎర్రనేల కాబట్టి మేము వేసేది ఎక్కువగా కొర్ర. వాన పడితే నేలలో పదును, అంటే విత్తడానికి చాలినంత తడి, మూడు రోజులు ఉండేది, ఎండ గట్టిగా కాస్తే అదీ ఉండదు. ఆ మూడు రోజుల్లోనే అన్ని చేలూ విత్తాలి. ఊరంతటికీ మంచి గొర్రు ఒకటే ఉండేది. అందుకని తొమ్మిదిళ్లవాళ్లూ కలిసి ఒక చేను తర్వాత ఒక చేను విత్తేవాళ్లు. ఎవరి చేను ముందన్నది మనిషిని బట్టి ఉండేది కాదు. ఏ చేను ముందు ఆరిపోతుందో అది ముందు. ఆ సంగతి చెప్పేది ఊర్లో అందరికన్నా పెద్దవాడైన తాత. చెప్పులు విడిచి చేలో నడిచి, మడమతో తొక్కి, పిడికెడు మట్టి తీసి పిసికి కింద పడేసేవాడు. ముద్ద చెదిరిన తీరును బట్టి "ఇది ముందు, అది రేపు" అనేవాడు. దానికి ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. మా నాయన చేను ఎప్పుడూ నాలుగోదో ఐదోదో అయ్యేది.

గొర్రు చూడనివాళ్ల కోసం చెబుతాను. అడ్డంగా ఒక దూలం, దానికి నాలుగు కాళ్లు. ఒక్కో కాలి వెనక ఒక వెదురు గొట్టం. నాలుగు గొట్టాలూ పైన ఒక కొయ్యగిన్నెలో కలుస్తాయి. ఆ గిన్నెను జడ్డిగం అంటారు, దానికి అడుగున నాలుగు కన్నాలు. ఎద్దులు లాగుతుంటే, మగమనిషి గొర్రు పట్టుకొని తోలుతుంటే, ఆడమనిషి ఒడిలో విత్తనం కట్టుకొని పక్కనే నడుస్తూ పిడికిలితో జడ్డిగంలో పోస్తూ పోవాలి. వెనక ఇంకో జత ఎద్దులతో గుంటక వచ్చి మట్టి కప్పేస్తుంది. కొర్ర గింజ ఆవగింజంత ఉంటుంది. వట్టిగా పోస్తే జారిపోతుందని వంక ఇసుక జల్లించి కలిపేవాళ్లు. పిడికిలి గట్టిగా పడితే పలచన, వదులైతే దట్టం. నడక ఆగకూడదు, చేయి ఆగకూడదు, మాట్లాడకూడదు. విత్తే మనిషి నోటి నుంచి రావలసిన మాట ఒకటే, "నిలుపు". గొట్టంలో మట్టి ఇరుక్కుంటే పైన కన్నంలో గింజ దిగకుండా నిలబడిపోతుంది. అది కనపడిన వెంటనే నిలుపు అనాలి.

ఆ చేయి మా ఊర్లో అవ్వకే ఉండేది. మిగతా ఆడవాళ్లు ప్రయత్నం చేశారు గానీ కుదరలేదు. మా అమ్మను అవ్వ ఎప్పుడూ ఆటపట్టించేది. "మీ అమ్మ చెయ్యి వంటకే పాపా. విత్తితే కొర్రంతా గుంపులు గుంపులుగా మొలిచి పంచాయితీ పెడతాది."

నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ పిచ్చి. పగిలిన కుండ పెంకుకు కన్నాలు చేసి, ఇసుక పోసుకుంటూ వాకిట్లో గీతలు గీసేదాన్ని. ఒకసారి ఇసుక సరిగా రావడం లేదని గాదెలోంచి విత్తనపు కొర్ర దోసెడు దొంగిలించాను. వాకిలంతా కోళ్లు. అమ్మ చీపురు తీసుకొని వెంటపడితే గుట్ట ఎక్కి సాయంకాలం దాకా దిగలేదు. అవ్వ మాత్రం కోళ్లు తినగా మిగిలిన గీత దగ్గర కూర్చొని చూసి, "సమంగానే పడిండాది" అంది. ఆ ఒక్క మాటతో దెబ్బలన్నీ మరచిపోయాను.

నేను ఐదు పాసై ఇంట్లో ఉండిపోయిన సంవత్సరం వాన శానా ఆలస్యంగా పడింది. పశువులకు మేత లేదు. గాదెల్లో విత్తనం ఒక్కసారి విత్తడానికి మాత్రమే ఉంది, అది మొలవకపోతే మళ్లీ విత్తడానికి గింజ లేదు. అట్లాంటప్పుడు ఒక సాయంత్రం గుట్టల మీద నుంచి వాన దిగింది. తడిసిన మట్టి వాసనకు ఎద్దులు కట్టుగొయ్యల దగ్గర నిలబడలేకపోయాయి. తెల్లారగానే గొర్రు కట్టారు. మొదటి రోజు నాలుగు చేలు అయ్యాయి.

రెండో రోజు పొద్దున అవ్వ పిడకలు తీయబోతే తేలు కుట్టింది. కుడిచేయి, చూపుడువేలు. చింతగింజ అరగదీసి అంటించారు, ఉల్లిగడ్డ రుద్దారు. చేయి మోచేతి దాకా వాచింది. పిడికిలి ముడవడం లేదు. నాయన పెద్దూరికి పరుగెత్తి విత్తే మనిషిని అడిగి వచ్చాడు.

"ఏమనిరిప్పా?" అన్నాడు తాత.

"వాళ్ల పదునూ పోతాండాదంట. ఎల్లుండి పంపిస్తారంట. తొమ్మిది పొయ్యిలకు తొందరేముందని నవ్విరి."

అప్పటికి ఇంకా ఐదు చేలు ఉన్నాయి. ఎండ ఎక్కుతోంది. అవ్వ వాచిన చేతిని ఒళ్లో పెట్టుకొని నా వైపు చూసింది.

"దీనికి ఒడి కట్టండి" అంది.

"పదకొండేండ్ల పిల్లకా?" అంది అమ్మ. "ఉండే విత్తనమంతా అదే గదా అత్తా!"

"ఉండేది అదే గాబట్టే చెప్తాండా. నీకిచ్చేకంటే మేలు."

అంత బాధలోనూ అవ్వకు ఎగతాళి పోలేదు. తాత నన్ను దగ్గరికి పిలిచి, నా పిడికిలిలో ఇసుక పోసి జార్చమన్నాడు. చూశాడు. "కట్టండి" అన్నాడు.

గొర్రు తోలేది మా చిన్నాయన. నా అడుగు చిన్నదని ఎద్దుల్ని నిదానంగా తోలాడు. మొదటి చేనులో కన్నాల మీద నుంచి చూపు తీయలేదు. రెండో చేను మధ్యకు వచ్చేసరికి చేయి దానంతట అదే పోసింది. అవ్వ గట్టు మీద గొడుగులా చెంగు కప్పుకొని కూర్చొని చూస్తూనే ఉంది. మధ్యాహ్నం మజ్జిగ, సంగటి ముద్ద. నన్ను పెద్దవాళ్ల వరసలో కూర్చోబెట్టి ముందు నాకే పెట్టారు. అట్లా పెట్టడం అదే మొదటిసారి. మూడో చేను, నాలుగో చేను. సాయంకాలానికి ఒక్క చేను మిగిలింది, పెద్దమ్మది.

పెద్దమ్మ అంటే మాకు వరసకు పెద్దమ్మ. భర్త లేడు, పిల్లలు లేరు. ఆ ఒక్క చేనే ఆధారం. దారి పక్కనే ఉండేది. మేము సగం విత్తేసరికి సంత నుంచి తిరిగిపోతున్న పెద్దూరి వాళ్లు అయిదారుగురు దారిలో ఆగారు.

"ఏమప్పా, తొమ్మిది పొయ్యిలోళ్లు పసిపిల్లతో విత్తనం పోయిస్తాండారు! మొలిస్తే మాకూ సెప్పండి" అని అరిచాడు ఒకడు.

నేను తల ఎత్తాను. నడుము నిటారుగా పెట్టి, చూడండిరా అన్నట్టు నడిచాను. మళ్లీ కిందికి చూసేసరికి మూడో కన్నంలో గింజ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. నిలుపు అనాలి. అంటే ఎద్దులు ఆగుతాయి, చిన్నాయన వంగి గొట్టం ఊడదీస్తాడు, దారిలో వాళ్లు నవ్వుతారు. నేను అనలేదు. నడుస్తూనే వేలితో పొడిచాను. కొంచెం దిగినట్టు కనిపించింది. మళ్లీ నిండింది. మళ్లీ పొడిచాను. సాలు చివర ఎద్దులు తిరిగేటప్పుడు గొర్రు ఎత్తి దించారు, ఆ అదురుకు మట్టి రాలి గొట్టం దానంతట అదే తెరుచుకుంది. వెనక గుంటక వచ్చి అంతా కప్పేసింది. పైకి చూస్తే ఏమీ తెలియదు.

ఆ రోజు అందరూ నన్ను ఎత్తుకున్నంత పని చేశారు. బెల్లం ముక్క తెచ్చి నోట్లో పెట్టింది పెద్దమ్మే. అది ఎట్లా మింగానో నాకే తెలుసు.

మొలక చూడడానికి మా ఊర్లో తొమ్మిదిళ్లవాళ్లూ కలిసి పోయేవాళ్లు, అన్ని చేలూ వరసగా. ఆరో రోజు పొద్దున పోయాం. మా ఎర్రనేల మీద సన్నటి పచ్చ గీతలు. దువ్వెనతో దువ్వినట్టు ఉన్నాయి. "ఇది మొలకంటే" అంటూ మగవాళ్లు ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. నేను విత్తిన మొదటి నాలుగు చేలూ అట్లాగే ఉన్నాయి. అందరూ నా తల నిమురుతుంటే నేను వెనక వెనకకు జరిగాను.

పెద్దమ్మ చేనులో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక సాలు బోడిగా ఉంది. దారిన పోయే ఎవరికైనా కనపడేటట్టు.

ఒకాయన చిన్నాయన భుజం మీద చరిచాడు. "ఏమప్పా, నిద్రపోతా తోల్తివా? కాలు పైకి లేసిండాది సూడు."

చిన్నాయన తల గోక్కున్నాడు. "రాయి తగిలిందేమోన్నా. నేనే సూసుకోల్యా" అన్నాడు.

పెద్దమ్మ ఆ సాలు పొడుగునా కళ్లతో చూసుకుంటూ పోయింది. ఒక్క సాలంటే ఆమెకు కొన్ని దినాల తిండి. చిన్నాయన నోరు విప్పి ఆమెతో ఏదో చెప్పబోతుంటే నాకు ఇంక ఆగలేదు.

"చిన్నాయన కాదు. గొట్టం మూసుకపోయె. నేను సూస్తిని. నిలుపమని చెప్పల్యా" అన్నాను.

మా అమ్మ చేయి లేచింది గానీ అవ్వ పట్టుకుంది, ఎడమచేత్తో.

తాత అడిగాడు, "ఏంటికి చెప్పల్యా?"

"పెద్దూరోళ్లు సూస్తాండ్రి."

"వాళ్లు సూస్తాంటే గింజ ల్యాకుండా విత్తుతామా పాపా?" అంది పెద్దమ్మ. కోపంగా అనలేదు. నిజంగా అడుగుతున్నట్టే అడిగింది. అది కొట్టినదానికన్నా ఎక్కువ తగిలింది.

తాత అక్కడే మట్టిలో గొంతుక్కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు.

"ఇను పాపా. నేల కింద గింజ పడిందో ల్యాదో నాకు కనపడదు. మీ చిన్నాయనకు కనపడదు. ఎద్దులకు కనపడదు. ఒక్క నీకే కనపడతాది. నువ్వు నిలుపు అనకపోతే మేమెవురమూ ఆగలేము. తొమ్మిదిండ్లోళ్ల కండ్లూ నీ కాడ ఉన్నట్టు." అవ్వ వైపు తిరిగాడు. "వచ్చే ఏడు ఎవురు పోస్తారు? నీ చెయ్యి బాగయితాది గదా?"

"బాగయితాది. కానీ ఇదే పోస్తాది" అంది అవ్వ. "ఈ పొద్దు నోరు తెరిసింది గదా, ఆ పొద్దు కూడా తెరుస్తాది."

ఆ బోడి సాలు నింపే పని నాదే అయింది. కొర్ర లేదు కాబట్టి అలసందలు పెట్టమంది పెద్దమ్మ. మళ్లీ చినుకు ఎప్పుడు పడుతుందో తెలియదు. నేను చూస్తూ కూర్చోలేదు. కట్టెతో జానెడుకొక గుంత తీసి, రెండేసి గింజలు పెట్టి, బండల సందులోని నీళ్లు చిన్న కడవతో మోసి ఒక్కో గుంతకు చెంబుడు పోశాను. మొదటి రోజు సాలులో మూడో వంతు కూడా కాలేదు. రెండో రోజు పోయేసరికి చిన్నాయన పెద్ద కడవ భుజాన పెట్టుకొని నా ముందే ఉన్నాడు.

"నువ్వేంటికి చిన్నాయనా?"

"నిద్రపోతా తోల్తినంట గదా, అందుకు" అని నవ్వాడు.

పన్నెండో రోజున చినుకు పడింది. అలసంద తీగలు కొర్ర మధ్యలో పాకాయి. ఆ ఏడు పెద్దమ్మ ఇంట్లో లేత అలసందకాయల కూర ఎన్నిసార్లు వండిందో లెక్క లేదు. వండినప్పుడల్లా గిన్నెలో పోసి మా ఇంటికి పంపేది. మా అమ్మ తినేటప్పుడు నన్ను ఓరగా చూసేది. కొర్ర కూడా బాగా పండింది. తొమ్మిదిళ్లలో ఏ ఇంట్లోనూ ఆ ఏడు పొయ్యి ఆరలేదు.

తర్వాతి ఏడు వాన వేళకే పడింది. గొర్రు కట్టి, అందరూ చుట్టూ నిలబడి ఉండగా అవ్వ తన ఒడిలో విత్తనం నా ఒడిలో పోసింది. అవ్వ వేళ్లు అప్పటికి బాగానే ఉన్నాయి. అయినా పోసింది. ఆ రోజు నేను నాలుగుసార్లు నిలుపు అన్నాను. నాలుగుసార్లూ ఎద్దులు ఆగాయి, చిన్నాయన ఆగాడు, వెనక గుంటక ఆగింది, దాని వెనక మనుషులు ఆగారు. చిన్నాయన మోకాలి మీద కూర్చొని గొట్టాన్ని నోటితో ఊదేవాడు. మూడోసారి చూస్తే గొట్టంలో ఏమీ లేదు, పైన కన్నానికి ఒక ఎండుటాకు అడ్డం పడింది, అంతే. నేను సిగ్గుపడ్డాను. ఒక్కరు కూడా విసుక్కోలేదు. తాత గట్టు మీద నుంచి, "మంచిదే! నిలుపు, నిలుపు" అన్నాడు.

పెళ్లయి పోయిన ఊర్లో కూడా చాలా ఏళ్లు విత్తనం పోశాను. అక్కడ మనుషులు ఎక్కువ, గొర్లూ ఎక్కువ. ఇప్పుడు గొర్రే లేదు, ట్రాక్టరు వచ్చి గంటలో విత్తేసి పోతుంది. మా తొమ్మిదిళ్లలో ఒక్కొక్కరే పోయారు. బండల సందులో నీళ్లు తగ్గాక కొందరు కర్నూలుకు, కొందరు గనుల పనికి, ఇంకొందరు బిడ్డల దగ్గరికి. చివరిదాకా ఉన్నది చిన్నాయన. ఇప్పుడు అక్కడ మిద్దెలు కూలి రాళ్ల గోడలు మాత్రం ఉన్నాయి. చేలు ఏదో ఫ్యాక్టరీకి ఇస్తారని కంచె వేశారు. నేను కంచె ఇవతల నుంచే చూసి వచ్చాను. ఏడుపు రాలేదు. ఎందుకో మరి.

తర్వాత నేను చాలా ఊర్లు చూశాను. హైదరాబాదు కూడా చూశాను. ఎక్కడా నా మాటకు ఎవరూ ఆగింది లేదు, ఆగాలని నేను అనుకున్నదీ లేదు. కానీ పన్నెండేళ్ల ఆడపిల్ల నోరు తెరిచి ఒక్క మాట అంటే రెండు జతల ఎద్దులూ, తొమ్మిదిళ్ల మనుషులూ నేల మీద అట్లాగే నిలబడిపోయిన ఊరు ఒకటి ఉండేది. తప్పు చేసిన పిల్లకే మళ్లీ ఒడి నిండా విత్తనం పోసిన ఊరు. అది చిన్న ఊరు ఎట్లా అవుతుందో నాకైతే తెలియదు.

ఇంతే నాకు రాయడం వచ్చింది. ఈ రాత చూసి విసుగు పడకుండా చివరిదాకా వచ్చినందుకు మీకు పుణ్యం. అక్షరాల్లో, మాటల్లో ఎన్ని తప్పులు దొర్లాయో నాకు తెలియదు. మీ ఇంట్లో ముసలమ్మ రాసిందనుకొని మన్నించండి.